యాపును ఆపిన వైనం

మౌనం పాటించడం ఉపాధ్యాయులకు అలవాటైన విద్య కాదు. ముప్పై మూడేండ్లు నోటినే నమ్ముకొని బ్రతికినవాళ్ళం. అటువంటివాళ్ళం ఒక నలభైమందిమి ఆదివారం సాయంకాలం తెనాలిలో ఒక చిన్న హాలులో లేచి నిలబడి, తలలు వంచుకొని, రెండు నిమిషాల మౌనం పాటిస్తున్నాము. మాతో కలిసి పనిచేసిన హిందీ పండితులు కాలం చేసి పక్షం రోజులయింది. ఆయన సతీమణి ముందు వరుసలో కూర్చొని ఉన్నారు. సరిగ్గా నాలుగున్నర గంటలకు నా లాల్చీ జేబులోనుండి ఒక స్త్రీకంఠం స్పష్టంగా, గట్టిగా పలికింది: "రాహుకాలం ప్రారంభమైనది."

అక్కడితో ఊరుకొన్నా బాగుండేది. వెనువెంటనే నాదస్వరం మొదలయింది. నాదస్వరం ముగియకముందే ప్రెషర్ కుక్కర్ల ప్రకటన, దానికి తోడు మూడు ఈలలు. నేను చరవాణిని బయటికి తీసి, వణికే వేలితో ఆ పంచాంగం యాపును తెరమీద పైకి తోసివేశాను. అది కనబడకుండా పోయింది. నాదస్వరం మాత్రం పోలేదు. శబ్దం తగ్గించే మీట ఒకటి ప్రక్కనే ఉన్నదన్న సంగతి ఆ క్షణంలో స్ఫురించనే లేదు. చివరకు జేబును రెండు చేతులతో అదిమి పట్టుకొని వీధిలోనికి పరుగెత్తాను. వేపచెట్టు క్రింద నేను నిలబడి ఉండగా అది తనంతట తానే అలసి ఊరుకొన్నది.

తిరిగి లోపలికి వెళ్ళి ఆ తల్లికి చేతులు జోడించాను. ఆమె కన్నీళ్ళలోనే నవ్వి, "ఫరవాలేదు మాస్టారూ, మావారైతే ఈపాటికి ఆ ప్రకటనను హిందీలోకి తర్జుమా చేసి వినిపించేవారు" అన్నారు. ఆమె మంచితనం వలన ఆనాటికి గట్టెక్కాను. కాని ఇంటికి వచ్చిన తరువాత కూడా నా చెవులలో ఆ ఈలలు మ్రోగుతూనే ఉన్నాయి.

ఇందులో ఒక చిత్రమున్నది. ఆ చరవాణి సామాన్యమైనది కాదు. గోప్యతకు పెట్టింది పేరని పదిమందికి చెప్పి, ఏరికోరి తెప్పించుకొన్నది. ఎందుకు తెప్పించుకొన్నానో ముందు చెప్పాలి.

2020వ సంవత్సరం చివరి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. క్షణాలలో అప్పిస్తామనే యాపుల మాట నమ్మి, ఆ తరువాత వాళ్ళ వేధింపులకు తాళలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. పోలీసులు కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి. ఆ యాపులవారికి ఆయుధం అప్పు తీసుకొన్నవాని ఫోనులోని పేర్ల పట్టిక. అటువంటి ఒక పట్టికలో నేనూ ఉన్నాను. ఒకనాటి మధ్యాహ్నం భోజనం చేస్తుండగా తెలియని నంబరు నుండి పిలుపు వచ్చింది. నా దగ్గర ఛందస్సు నేర్చుకొన్న ఒక పూర్వ విద్యార్థి పేరు చెప్పి, వాడు దొంగ అనీ, వానికి చదువు చెప్పినందుకు ఆ బాకీ నేను కట్టాలనీ, ఇక్కడ వ్రాయరాని మాటలతో సెలవిచ్చారు. వాడు తీసుకొన్నది కూతురి కళాశాల రుసుము కోసం ఎనిమిది వేలు. ఆ తరువాత వాడు నాకు ఎదురుపడలేదు. బజారులో నన్ను చూసి సందులోకి తిరిగిపోవడం రెండుసార్లు గమనించాను. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారు, అప్పులిచ్చే యాపులు ఫోనులోని పేర్ల పట్టికను, దస్త్రాలను, పిలుపుల చిట్టాను ముట్టుకోరాదని మార్గదర్శకాలు వెలువరించారు. మంచిదే. అయితే సందులోకి తిరిగిపోయినవాడు మాత్రం మరల నా గుమ్మం తొక్కలేదు.

నా పట్టికలో ఉన్నవారెవరికీ నా మూలంగా అటువంటి పిలుపు వెళ్ళకూడదని నిశ్చయించుకొని, హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న మరొక శిష్యుణ్ణి ఆశ్రయించాను. అతడు ముందు నా పాత ఫోనులోనే లీనియేజ్ ఓఎస్ అనే నిర్వాహక వ్యవస్థను ఎక్కించి ఇచ్చాడు. పూర్వం సైనోజెన్‌మాడ్ అనేది ఒకటుండేది. అది 2016 డిసెంబరులో మూతపడగా దాని వారసత్వంగా వచ్చినదే ఈ లీనియేజ్. ఆండ్రాయిడ్ మూలాన్నే తీసుకొని, గూగుల్ వారి సొంత యాపులు లేకుండా తయారుచేస్తారు. రెండేండ్ల తరువాత ఆ ఫోను వృద్ధాప్యం చేత కన్నుమూసింది. అప్పుడు ఒకరు వాడిన పిక్సెల్ ఫోనొకటి సంపాదించి, అందులో గ్రాఫీన్ ఓఎస్ స్థాపించాడు. నేను తీసుకొన్ననాటికి అది పిక్సెల్ ఫోన్లకు మాత్రమే దొరికేది.

గ్రాఫీన్‌లో నన్ను ఆకట్టుకొన్న గుణాలు మూడు. ఒకటి, ప్రతి యాపుకూ అంతర్జాలం ఇవ్వాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. స్థాపన సమయంలోనే అడుగుతుంది. రెండు, పేర్ల పట్టిక ఇస్తే గాని పనిచేయనని మొండికేసే యాపుకు, ఇచ్చినట్టే ఇచ్చి ఖాళీ పట్టిక చూపించవచ్చు. మూడు, తక్కిన ఫోన్లలో సర్వాధికారాలు అనుభవించే గూగుల్ ప్లే సేవలు ఇక్కడ కావలసివస్తే తెచ్చుకోవచ్చును గాని, అవి కూడా మామూలు యాపుల వలెనే వరుసలో నిలబడాలి. ఇంద్రుడైనా సరే చెప్పులు బయట విడిచి రావలసిందే. ఇవన్నీ విన్నప్పటినుండి నాకు కొంచెం గర్వం పట్టుకొన్నది. ఆ గర్వాన్ని రాహుకాలం భంగం చేసింది.

ఇల్లు గట్టిదైనంత మాత్రాన చుట్టాలందరూ మర్యాదస్థులవుతారా? నిర్వాహక వ్యవస్థ ఇల్లు. యాపులు మనమే చేయిపట్టి తెచ్చుకొన్న చుట్టాలు. ఆ పంచాంగాన్ని తిథివారనక్షత్రాల కోసం నేనే తెచ్చుకొన్నాను. అంతర్జాలం నేనే ఇచ్చాను. నాలుగు నెలలు నోరు మెదపకుండా ఉన్నది, ఒక నవీకరణ తరువాత హఠాత్తుగా గొంతు తెచ్చుకొన్నది.

ఆ సాయంకాలమే శిష్యునికి ఫోను చేశాను. అంతా విని నవ్వు ఆపుకొంటూ, "మాస్టారూ, మీరు పైకి తోసేస్తే పోయేది దాని బొమ్మ మాత్రమే. పాడేది వెనకాల ఉంటుంది" అన్నాడు.

ఈ మాట వినగానే నాకు వ్యాకరణం చదువుకొన్న రోజులు గుర్తుకు వచ్చాయి. మనం లోపం అంటే నాశనం అనుకొంటాము. పాణిని మతంలో లోపమనగా కనబడకుండుట మాత్రమే. పైగా, ప్రత్యయం లోపించినా దాని కార్యం దానికి జరుగుతూనే ఉంటుంది. క్విప్ అనే ప్రత్యయమున్నది. అందులోని ప్రతి అక్షరమూ లోపించి చివరకు శూన్యమే మిగులుతుంది. అయినా అగ్నిచిత్ వంటి శబ్దాలలో ఆ కనబడని ప్రత్యయమే తకారాన్ని తెచ్చిపెడుతుంది. మా గురువుగారు ఈ ఘట్టం చెబుతూ, కనబడనిదానికి కార్యం లేదనుకొన్నవాడు వ్యాకరణానికి పనికిరాడు అనేవారు. చరవాణికి కూడా పనికిరాడని ఇప్పుడు తెలిసింది.

శిష్యుడు నాకొక ఉపాయం చెప్పాడు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుండి ఈ సౌకర్యమున్నది. తెరను పైనుండి క్రిందికి రెండుసార్లు లాగితే, అడుగుభాగాన ఎన్ని యాపులు తెరవెనుక పనిచేస్తున్నాయో ఒక అంకె కనబడుతుంది. దానిని తాకితే వాటి పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా స్టాప్ అనే మీట ఉంటాయి. నోటిఫికేషన్లు వద్దని మనం నిషేధించిన యాపు కూడా ఇక్కడ దాగలేదు. నా పంచాంగానికి నోటిఫికేషన్లు లేవు గనుకనే హాలులో దాని జాడ నాకు చిక్కలేదు. ఇప్పుడు చిక్కింది. ఆ రాత్రి యాపును తెరవడం, ఆపడం, మరల తెరవడం, మరల ఆపడం, కందపద్యం కంఠస్థం చేసే పిల్లవాని వలె పదిసార్లు అభ్యాసం చేశాను. మా ఇంట్లో ఆవిడ విసిగిపోయి, "ఆ యాపును ఆపడం ఇక ఆపండీ!" అని కేక వేసింది. ముప్పై మూడేండ్లు తెలుగు చెప్పినవాణ్ణి, నాకైనా ఇంతటి యమకం ఎన్నడూ తట్టలేదు.

మరునాడు సోమవారం. సూర్యోదయం ఆరింటికని లెక్కవేస్తే సోమవారం రాహుకాలం ఏడున్నరకు మొదలు. నేను కాఫీగ్లాసు అందుకొంటున్నాను. స్త్రీకంఠం, నాదస్వరం, కుక్కరు, మూడు ఈలలు. మా వంటింటి కుక్కరు కూడా అదే సమయానికి ఈల వేయడంతో ఏది ఏదో తెలియలేదు. ఆవిడ వంటింట్లోనుండి తొంగిచూసి, "రాత్రంతా మీరు ఆపింది దీన్నేనా?" అని అడిగింది.

మరల శిష్యుడే శరణ్యమయ్యాడు. "ఆ స్టాప్ నొక్కితే అప్పుడు నడుస్తున్నది ఆగిపోతుంది మాస్టారూ. కాని అది ముందుగా పెట్టుకున్న అలారాలు అలాగే ఉంటాయి. వేళకి మళ్ళీ లేస్తుంది. మీకు కావలసింది ఫోర్స్ స్టాప్" అన్నాడు.

ఈ ఫోర్స్ స్టాప్ అనే బలవంతపు నిలుపుదల వేరు తరగతికి చెందినది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నాటినుండి దీనికొక ప్రత్యేక స్థితి ఉన్నది. బలవంతంగా ఆపిన యాపు పెట్టుకొన్న అలారాలు రద్దవుతాయి. అది వరుసలో పెట్టుకొన్న పనులు రద్దవుతాయి. ఫోను ఆపి మరల వెలిగించినా అది తనంతట తాను లేవదు. వ్యవస్థ అందరికీ వేసే చాటింపు దాని చెవిని పడదు. మనమై తెరిచేవరకు, లేదా మరొక యాపు దానిని పనిమీద పిలిచేవరకు, అలాగే పడి ఉంటుంది. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 ఈ కట్టుబాటును ఇంకా బిగించింది. అటువంటి యాపు ముంగిట తెరమీద పెట్టుకొన్న చిన్న పలక కూడా వెలిసిపోయి పలుకకుండా ఉంటుంది. ఇంతా చేసి, మనం దాచుకొన్న సమాచారం చెక్కుచెదరదు.

దానిని త్వరగా చేరుకొనే దారులు రెండు. సెట్టింగులలోనికి పోయి నూరు పేర్లలో వెదకుతూ కూర్చోనక్కరలేదు. ముంగిట తెరమీద ఆ యాపు గుర్తును కాసేపు నొక్కి పట్టుకొంటే చిన్న జాబితా వస్తుంది. అందులో యాప్ ఇన్ఫో ఎంచుకోవాలి. లేదా ఇటీవల వాడిన యాపుల తెరను పైకి లాగి, ఆ యాపు పలకకు నెత్తిన ఉన్న గుర్తును తాకితే అక్కడ కూడా యాప్ ఇన్ఫో దొరుకుతుంది. లోపల ఫోర్స్ స్టాప్, ఆపైన సరేనన్న ఒప్పుకోలు. అంతా కలిపి నాలుగైదు స్పర్శలు. లీనియేజ్‌లో ఇంకా దగ్గరి దారి ఉండేది: సెట్టింగులలో బటన్ల భాగంలో ఒక ఏర్పాటు చేసుకొంటే, వెనుకకు వెళ్ళే మీటను నొక్కిపట్టగానే ఎదుట ఉన్న యాపు అక్కడికక్కడే ఆగిపోయేది. ఆ ఒక్క పోటు వైద్యానికి అలవాటుపడినవాణ్ణి గ్రాఫీన్‌కు వచ్చి మరల ఓనమాలు దిద్దవలసివచ్చింది.

ఫోర్స్ స్టాప్ నొక్కగానే వ్యవస్థ ఒక హెచ్చరిక చూపిస్తుంది. బలవంతంగా ఆపితే యాపు తప్పుగా ప్రవర్తించవచ్చునని దాని భావం. మౌనసభలో కుక్కరు ఈల వేసినదానిని చూసి ఇంకా తప్పుగా ప్రవర్తించవచ్చునంటే నాకు నవ్వు వచ్చింది. ఆ హెచ్చరికను తేలికగా తీసుకొన్నందుకు ఫలం తరువాత అనుభవించాను. అది చెప్పేముందు ఈ ఆపడంలోని అంతరువులను నేను ఎట్లా గుర్తుపెట్టుకొన్నానో చెబుతాను. ఉపాధ్యాయులకు వెంటనే బోధపడుతుంది.

తరగతిలో అల్లరిచేసే పిల్లవాణ్ణి వెనుక బెంచీకి పంపుతాము. ముందు కనబడడు గాని అల్లరి సాగుతూనే ఉంటుంది. యాపును పైకి తోసివేయడం అటువంటిది. ఈ పీరియడుకు బయట నిలబడమంటాము. గంట కొట్టగానే తిరిగివస్తాడు. క్రిందికి లాగి స్టాప్ నొక్కడం అది. నేను పిలిచేవరకు రావద్దంటాము. అయినా వాని స్నేహితుడెవడో పనిమీద పిలిస్తే లోపలికి వస్తాడు. ఇది ఫోర్స్ స్టాప్. హాజరుపట్టీలో పేరుంచి, బడిలో అడుగు పెట్టనీయకపోవడం ఒకటున్నది. మామూలుగా ఆండ్రాయిడ్‌లో ఈ డిజేబుల్ సౌకర్యం ఫోనుతోపాటు వచ్చిన యాపులకే ఉంటుంది. గ్రాఫీన్‌లో మనం స్థాపించుకొన్న యాపులకు కూడా ఉన్నది. ఆ స్థితిలో మరొక యాపు పిలిచినా అది పలుకజాలదు, మన సమాచారమూ పోదు. ఇక చివరిది టీసీ ఇచ్చి పంపివేయడం, అదే పూర్తి తొలగింపు.

ఇవిగాక గ్రాఫీన్‌లో తరగతి మొత్తాన్ని ఒక్కసారిగా వదిలిపెట్టే ఉపాయం కూడా ఉన్నది. రైలు టిక్కెట్లు, గ్యాసుబండ, కరెంటు బిల్లు వంటి అవసరాల యాపులను శిష్యుడు రెండవ ప్రొఫైల్‌లో పెట్టాడు. ఇంటికి చావడి వంటిది. పని కాగానే ఎండ్ సెషన్ అంటే చాలు, అందులోని యాపులన్నీ ఆగిపోతాయి. వాటి సమాచారం తాళంచెవితో సహా మూతపడుతుంది.

అల్లరి ఎవరిదో కనిపెట్టడానికి కూడా ఆనవాళ్ళున్నాయి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుండి కెమెరా గాని మైకు గాని ఎవరైనా వాడుతుంటే తెర మూలన పచ్చని చుక్క వెలుగుతుంది. ఒక దినంలో ఏ యాపు ఎప్పుడు వేటిని ముట్టుకొన్నదో గోప్యతా పట్టికలో చూసుకోవచ్చు. ఊరక ఫోను వెచ్చబడుతుంటే బ్యాటరీ లెక్క చూస్తే దొంగ దొరుకుతాడు.

ఇంత విద్య చేతికి వచ్చిన తరువాత నేను ఊరుకోలేదు. రాత్రి పడుకోబోయేముందు యాపులన్నిటినీ వరుసగా బలవంతంగా ఆపడం మొదలుపెట్టాను. పంచాంగమే కాదు, వార్తలు, పాటలు, పటాలు, సందేశాలు, దేనినీ విడువలేదు. సంధ్యావందనం మానినరోజు ఉన్నదేమో గాని ఇది మానినరోజు లేదు. శిష్యుడు వారించాడు. పనిలేక నిద్రపోతున్న యాపు బ్యాటరీ తినదనీ, జాగా చాలకపోతే వ్యవస్థే వాటిని ఖాళీ చేసుకొంటుందనీ, రోజూ చంపి రోజూ మొదటినుండి లేపితేనే ఎక్కువ ఖర్చనీ చెప్పాడు. ఈ పనంతా తానే చేసిపెడతానన్న ఒక యాపును నేను కనుగొని చూపిస్తే, దానికి యాక్సెసిబిలిటీ అధికారం ఇవ్వాలనీ, ఆ అధికారమున్న యాపు మన తెరమీద ఉన్నదంతా చదువగలదనీ, మన బదులు మీటలు నొక్కగలదనీ హెచ్చరించాడు. దొంగల భయంతో ఇంటి తాళాలు తెలియనివానికి ఇవ్వడమన్నమాట. దానిని మానుకొన్నాను గాని, చేతితో ఆపడం మానలేదు.

పోయిన ఏడు వేసవిలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు రాజమహేంద్రవరంలో మా అక్కయ్య స్నానాలగదిలో జారిపడింది. డెబ్బై అయిదేండ్ల మనిషి, ఒంటరిగా ఉంటున్నది. ప్రక్కింటివాళ్ళు ఆస్పత్రిలో చేర్చి, వాళ్ళ దగ్గర నంబరున్న ఒకే ఒక బంధువు, డాలస్‌లో ఉన్న ఆమె కుమారునికి చెప్పారు. అతనికది పట్టపగలు. వెంటనే నాకు పిలుపు చేశాడు, ఎప్పుడూ మేము మాట్లాడుకొనే సందేశాల యాపులోనే. ఆరుసార్లు చేశాడు. నాలుగు సందేశాలు పెట్టాడు. నా ఫోను తలగడ ప్రక్కనే ఉన్నది, నిండా ఛార్జీతో, అంతర్జాలంతో సహా. ఒక్కటీ మ్రోగలేదు. బలవంతంగా ఆపిన యాపుకు బయటినుండి వచ్చే పిలుపు అందదు. ఎవరో పిలుస్తున్నారని దానిని లేపే చాటింపే దాని దాకా పోదు. అది నేను కోరి చేసిన ఏర్పాటు. మామూలు నంబరుకు చేయాలన్న ఆలోచన ఆ పిల్లవానికి తెల్లవారుజామున నాలుగున్నరకు గాని తట్టలేదు. ఏండ్ల తరబడి యాపులోనే మాట్లాడుకొన్నాము మరి.

నేను చేరేసరికి పది గంటలయింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్సకు సంతకం చేయవలసిన మనిషి కోసం డాక్టర్లు ఎదురుచూస్తున్నారు. ప్రక్కింటి అమ్మాయి రాత్రంతా కుర్చీలో కూర్చొని ఉన్నది. అక్కయ్య నన్ను చూసి, "ఫోను పక్కనే పెట్టుకొని పడుకొంటావు కదరా, మోగలేదా?" అన్నది.

"ఆపేశానక్కా" అన్నాను.

"ఎవర్నిరా?" అన్నది.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. మత్తులో ఉన్న మనిషికి స్టాప్‌కూ ఫోర్స్ స్టాప్‌కూ గల భేదం చెప్పగలనా? సంతకం చేసి, నడవాలో కూర్చొని, ఆ యాపును తెరిచాను. తెరవగానే ఆరు తప్పిన పిలుపులు, నాలుగు సందేశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. మొదటిది: "మావయ్యా, అమ్మ పడిపోయింది, లేచారా?" ఆపితే తప్పుగా ప్రవర్తించవచ్చునన్న హెచ్చరిక నాకు అప్పుడు అర్థమయింది. యాపు తప్పుగా ప్రవర్తించలేదు, చెప్పినట్టు విన్నది.

అక్కయ్య ఇప్పుడు చేతికఱ్ఱతో నడుస్తున్నది. నేను మాత్రం పద్ధతి మార్చుకొన్నాను. ఆపడం అత్యవసర చికిత్స, అది నిత్యభోజనం కారాదు. పంచాంగం సంగతే చూడండి. దానిని రోజూ ఆపడం వృథాప్రయాస, ఎందుకంటే తిథి చూడడానికి తెరిచిన ప్రతిసారీ అది మరల ప్రాణం పోసుకొని తన అలారాలు పెట్టుకొంటుంది. అందువల్ల అలారాలు పెట్టుకొనే ప్రత్యేకాధికారాన్ని తీసివేశాను. గ్రాఫీన్ ఇచ్చిన సౌకర్యంతో దాని అంతర్జాలాన్ని కూడా కోసివేశాను. అంతర్జాలం లేకపోవడంతో కుక్కరు ప్రకటన రావడం లేదు. అలారం లేకపోవడంతో స్త్రీకంఠం పలకడం లేదు. తిథి మాత్రం చక్కగా చెబుతున్నది. నాకు కావలసినదీ అంతే. ఏదైనా యాపు మాట వినకపోతే మొదట స్టాప్, అప్పటికీ లేస్తే ఫోర్స్ స్టాప్, ఆనాటి సాయంకాలమే కూర్చొని దానికి ఏ అధికారం ఎక్కువయిందో చూడడం, అవసరమే లేదనుకొంటే డిజేబుల్. మనుషులు నన్ను పిలిచే యాపుల జోలికి మాత్రం వెళ్ళను.

మొన్న కార్తికమాసంలో ఒకనాటి సాయంకాలం మా వీధి గేటు చప్పుడయింది. సందులోకి తిరిగిపోయిన శిష్యుడు. తల కొంచెం నెరిసింది. నేను యాపులు ఆపడంలో నిపుణుణ్ణయినానని సంస్మరణ సభకు వచ్చినవాళ్ళెవరో ఊరంతా నవ్వుతూ చెప్పుకొన్నారట. గుమ్మంలోనే నిలబడి, "మాస్టారూ, దీంట్లో ఏదో ఆగట్లేదండీ, ఊరికే వేడెక్కిపోతోంది" అని ఫోను చేతికిచ్చాడు.

అది మామూలు ఫోను, గోప్యతా వ్యవస్థ ఏదీ లేదు. అయినా ఆండ్రాయిడ్ గనుక ఫోర్స్ స్టాప్ అందులోనూ ఉన్నది. కూర్చోబెట్టి, బ్యాటరీ లెక్క తెరిచి, దొంగను పట్టుకొని ఆపాము. అప్పుడు వాడు కాస్త తటపటాయించి, "పేర్ల లిస్టు ఎవరెవరి చేతిలో ఉందో చూడొచ్చాండీ?" అని అడిగాడు. సెట్టింగులలో అనుమతుల పట్టిక తెరిచాము. పదకొండు యాపుల పేర్లున్నాయి. ఒక్కొక్కటే చదివి, ఇది నీకెందుకురా, దానికెందుకురా అని అడుగుతూ తొమ్మిదింటికి తీసివేశాము. మిగిలినవి రెండు: మామూలు పిలుపులది, సందేశాలది.

ఈలోగా ఆవిడ కాఫీ తెచ్చింది. వాడు రెండు గ్లాసులు త్రాగి, చీకటి పడినదాకా కూర్చొని వెళ్ళాడు.